ఊరంతటినీ పొలిమేర దాటించిన ఆంధ్రరత్న దుగ్గిరాల

నస్పూర్: అత్తగారింట్లో ఒక మాట పడక పుట్టింటికి వచ్చే కోడళ్ళు ఉన్నారు. పై అధికారి కసిరినాడని కాగితం రాసి ఇచ్చి కొలువు విడిచేవారు ఉన్నారు. అన్నదమ్ముల పంపకంలో పెద్దమనుషుల ముందే తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవారు ప్రతి గ్రామంలోనూ కనిపిస్తారు. వెళ్ళటానికి నిమిషం చాలు. ఆ తరువాత ఏళ్ళ తరబడి, కొంచెం ఓర్చుకుంటే బాగుండేదేమో అనుకోవటం కూడా అంతే మామూలు.

అయితే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు కాదు, 13,000 మందికి పైగా జనం ఒక్కసారిగా ఊరు విడిచి పోయిన సంగతి తెలుగు దేశంలో జరిగింది. కరువు వచ్చి కాదు, కలరా వచ్చి కాదు, వరద వచ్చి అంతకన్నా కాదు. తమ ఊరు మున్సిపాలిటీ అయినందుకు వారు వెళ్ళిపోయారు. అది 1921లో చీరాల, పేరాలలో జరిగింది. వారిని నడిపించిన మనిషి ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 39 ఏళ్ళకే కన్నుమూసిన ఆయన జీవితం మొదటి నుంచి చివరి దాకా విడిచి వెళ్ళటాలతోనే నిండి ఉన్నది.

మన ప్రాంతంలో ఊళ్ళు విడవటం కొత్త కాదు. నిజాం కాలంలో వెట్టి పడలేక రాత్రికి రాత్రే పిల్లాపాపలతో వేరే ఊరికి తరలిపోయిన కుటుంబాల కథలు ముసలివారు చెప్పేవారు. తరువాత బొగ్గు బావుల కోసం, శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటి కోసం ఊళ్ళు ఖాళీ చేసినవారు ఉన్నారు. వారంతా తప్పనిసరై పోయినవారు. చీరాల వారు మాత్రం తామై నిర్ణయించుకుని పోయారు. అందుకే ఆ కథ తెలుసుకోదగినది.

బాల్యం, చదువు

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పుట్టిన మూడో రోజునే తల్లి పోయింది. మూడో ఏట తండ్రి పోయారు. నాయనమ్మ, పినతండ్రి ఆయనను పెంచారు. పసితనాన ఆయన ఎవరినీ విడవలేదు. ఆయననే కన్నవారు విడిచి పోయారు.

చిన్న చదువు తరువాత గుంటూరులో పెద్ద చదువు సాగింది. బడి పుస్తకాల కంటె పాట, పద్యం, నాటకం మీద మనసు ఎక్కువ. హైస్కూలులో ఉండగానే తోటివారిని కూడగట్టి నాటక సమాజం పెట్టారు. ఫలితంగా మెట్రిక్ తప్పారు. తరువాత బాపట్లలో చదివి ప్యాసయ్యారు.

విడిచిన కొలువులు

ఆ రోజుల్లో మెట్రిక్ ప్యాసైతే సర్కారు కొలువు దొరికేది. గోపాలకృష్ణయ్యకు కూడా బాపట్ల తాలూకా కచేరిలో ఉద్యోగం దొరికింది. నెల జీతం, నీడపట్టున పని. ఒక్క ఏడాదికే విసుగు పుట్టింది. మానేశారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ తొలగించలేదు. కాగితాల మధ్య కూర్చోవటం తన పని కాదనిపించింది, అంతే.

1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి ఓడ ఎక్కి స్కాట్లండు దేశం వెళ్ళారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పొందారు. ఆ సీమలోనే కళల గురించి లోకానికి తెలియజెప్పిన ఆనంద కుమారస్వామితో స్నేహం కుదిరింది. నందికేశ్వరుడు నాట్యం మీద సంస్కృతంలో రాసిన అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి మార్చారు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం వారు దానిని 1917లో అచ్చు వేశారు. మెట్రిక్ తప్పేటట్లు చేసిన నాటకాల పిచ్చి చివరకు ఆయన పేరును సముద్రాలు దాటించింది.

స్వదేశం వచ్చాక రాజమండ్రిలో కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. సీమలో చదివి వచ్చిన ఎం.ఏ.కు అది గౌరవమైన స్థానం. అక్కడా నిలవలేదు. తరువాత బందరు జాతీయ కళాశాలలో చేరారు. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు వంటి దేశభక్తులు స్థాపించిన విద్యాలయం అది. దేశం మీద ప్రేమ ఉన్నవారికి అంతకన్నా మంచి చోటు ఆనాడు ఉండదు. కాని నిర్వాహకులతో అభిప్రాయ భేదం వచ్చింది. దానినీ వదిలి వచ్చేశారు.

తాలూకా కచేరి ఒకటి, రాజమండ్రి రెండు, బందరు మూడు. మూడు చోట్లా ఆయన విడిచినది తన జీతాన్నే. కష్టమైనా నష్టమైనా ఆయన ఇంటిదే. బంధువులు ఎంత నొచ్చుకున్నా ఊరికి దానితో పని లేదు. ఆ తరువాతి కథ అట్లా కాదు.

చీరాలలో మకాం

తిరిగి తిరిగి గోపాలకృష్ణయ్య చీరాల చేరారు. చీరాల నేతగాళ్ళ ఊరు. మద్రాసు నుంచి కలకత్తా పోయే రైలు మార్గం మీద ఉన్నది. సముద్రం దగ్గర. అక్కడ ఆయన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను పెట్టి చదువు, కళలు, దేశసేవ మూడింటినీ కలిపి నేర్పాలని పూనుకున్నారు. ఆయన గొప్ప రామభక్తుడు. మాటకారి. పద్యం అప్పటికప్పుడు చెప్పగలరు. నవ్వించగలరు, ఏడిపించగలరు. సభలో లేచి నిలబడితే జనం కదిలేవారు కాదు.

ఆయన యువకులను చేర్చి రామదండు అనే సేవాదళాన్ని తయారు చేశారు. దానిలో సుమారు 1,000 మంది ఉండేవారు. నొసట బొట్టు, మెడలో రుద్రాక్షలు. ఒకరి మాట మీద అందరూ నడిచేవారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశాలు జరిగాయి. గాంధీ మహాత్ముని చూడటానికి పల్లెల నుంచి ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. ఆ జనాన్ని తొక్కిసలాట లేకుండా అదుపులో పెట్టింది రామదండే. దేశ నాయకులంతా మెచ్చుకున్నారు.

యూనియన్ పోయి మున్సిపాలిటీ వచ్చింది

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి మొదట ఒక యూనియన్‌గా ఉండేవి. ఇప్పటి మాటలో పంచాయతీ వంటిది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలు పన్ను వసూలయ్యేది. 1919లో మద్రాసు ప్రభుత్వం దానిని మున్సిపాలిటీ చేసింది. పన్ను ఏకంగా 40,000 దాకా ఎగబాకింది. జనాభా 15,000 పైచిలుకు. లెక్క వేసి చూస్తే తలకు నాలుగణాలు పడే చోట రెండున్నర రూపాయలు దాటింది. పాలు తాగే పిల్లలను కూడా కలిపి వేసిన లెక్క ఇది. మగ్గం మీద బతికే ఇంటికి అది మోయలేని బరువు.

పన్ను పెరిగినా వీధులు మారలేదు, నీళ్ళు రాలేదు. మున్సిపాలిటీ వద్దు, మా యూనియన్ మాకు కావాలని జనం అర్జీలు పెట్టారు. ప్రభుత్వం వినలేదు. సభ్యులు రాజీనామాలు ఇచ్చారు. జనం పన్ను కట్టటం మానేశారు. కట్టనివారి మీద కేసులు పెట్టి జైలుకు పంపారు. శిక్ష పడినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు. ఈ పోరుకు గోపాలకృష్ణయ్య ముందు నిలిచారు.

గాంధీజీ చూపిన రెండు దారులు

బెజవాడ సమావేశాలు ముగిశాక గాంధీజీ 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. ఊరివారు తమ గోడు చెప్పుకున్నారు. ఆయన రెండు దారులు చూపారు. ఒకటి, దెబ్బలకు, జైళ్ళకు ఓర్చి పన్ను కట్టకుండా ఊళ్ళోనే నిలబడటం. రెండు, కోపతాపాలు లేకుండా ఊరినే ఖాళీ చేసి పొలిమేర అవతలకు పోవటం. మున్సిపల్ చట్టం హద్దు లోపలనే నడుస్తుంది. హద్దు దాటితే మున్సిపాలిటీకి మనిషి లేడు, పన్ను లేదు. జనం లేని ఊరికి మున్సిపాలిటీ ఎందుకు అన్న ప్రశ్న ప్రభుత్వానికే ఎదురవుతుంది.

ఊరు విడిచి నిరసన తెలపటం ఆనాటికి దేశం చూడని సంగతి కాదు. అంతకు ముందటి ఏడే, 1920లో, ఖిలాఫత్ ఉద్యమ కాలంలో సింధు, వాయవ్య సరిహద్దు ప్రాంతాల ముస్లిములు వేలాదిగా ఇళ్ళూ పొలాలూ అమ్ముకుని ఆఫ్ఘనిస్థానానికి తరలిపోయారు. దానిని హిజ్రత్ అన్నారు. కొన్నాళ్ళకు అక్కడి ప్రభుత్వం ఇక రావద్దన్నది. తిరుగు దారిలో ఎందరో చనిపోయారు. చేరుకున్నవారికి అమ్మిన పొలాలు మళ్ళీ దక్కలేదు. వెళ్ళటం ఎంత సులువో రావటం ఎంత కష్టమో ఆ ఒక్క ఏడే చూపించింది.

రెండు దారుల్లో చీరాల వారు రెండో దానినే ఎన్నుకున్నారు. కొలువుల విషయంలో గోపాలకృష్ణయ్య ఎప్పుడూ నడిచిన దారి కూడా అదే.

రామనగర్ కాపురం

ఏప్రిల్ చివరి దినాల్లో, ఎండలు మండిపోతున్న వేళ, జనం కదిలారు. 13,000 మందికి పైగా ఇళ్ళకు తాళాలు వేసి బయలుదేరారు. ముసలివారు, బాలింతలు, చంటిపిల్లలు ఆ జనంలో ఉన్నారు. హద్దు అవతల తాటాకు పాకలు లేచాయి. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. రామదండు కాపలా కాసింది. ఊరి తగవులు ఊరివారే కూర్చుని తీర్చుకునేవారు. అన్ని కులాలవారూ ఒకే చోట పాకల్లో ఉన్నారు. దేశంలోని పత్రికలన్నీ రాశాయి. చూడటానికి దూర ప్రాంతాల నుంచి వచ్చేవారు. ఒక ఊరు తన పరిపాలన తానే చేసుకోగలదని రామనగర్ చూపించింది.

గుంటూరు జిల్లా అంతా అప్పుడు వేడిగా ఉన్నది. పల్నాటిలో అడవి పుల్లరికి ఎదురు తిరిగారు. పెదనందిపాడు వైపు భూమి శిస్తు నిలిపివేశారు. వారు ఊళ్ళోనే ఉండి పోరాడారు. చీరాల వారు ఊరు విడిచి పోరాడారు. తేడా అక్కడ ఉన్నది. ఊళ్ళో ఉండి పోరాడేవాడికి రాత్రి పడుకోవటానికి తన గోడలు ఉంటాయి. బయట ఉన్నవాడికి తిండి, నీళ్ళు, నీడ అన్నీ రోజూ కొత్తగా వెతుక్కోవలసినవే. ఎండాకాలం గడిచింది. వానాకాలం వచ్చింది. సముద్రపు ఒడ్డున ఆశ్వయుజ, కార్తీకాల్లో కురిసే వానలు తాటాకు పాకకు ఎంత పనిపెడతాయో గుడిసెలో ఉన్నవారికి చెప్పనక్కర లేదు.

నాయకుడు లేని ఊరు

ఇంత జనాన్ని నిలపటానికి డబ్బు కావాలి. గోష్ఠికి విరాళాలు కూర్చటానికి గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్ళారు. అక్కడ ఉపన్యసించరాదని అధికారులు నిషేధం పెట్టారు. ఆయన నోరు మూసుకుని తిరిగి వచ్చి ఉంటే ఆ రాత్రికి రైలెక్కి చీరాల చేరేవారు. నిషేధాన్ని లెక్కచేయలేదు. మాట్లాడారు. పట్టుకుని ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు.

ధైర్యం గల పనే. పోరాట కాలంలో నాయకుడు జైలుకు పోవటం గౌరవమే. కాని ఆయన నిషేధాన్ని ధిక్కరించిన ఆ ఊరు వేరు, ఆయన కోసం పాకల్లో ఎదురు చూస్తున్న ఊరు వేరు. వేల మందికి చెప్పుకునే పెద్ద దిక్కు ఒక్కసారిగా లేకుండా పోయింది. ఆయన స్థానంలో నిలిచి అంత జనాన్ని ఒక మాట మీద ఉంచగలవారు దొరకలేదు. ప్రభుత్వం తొందరపడలేదు. మున్సిపాలిటీని రద్దు చేయలేదు. వేచి ఉన్నది.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో హింస జరిగింది. దాంతో గాంధీజీ దేశమంతటా సహాయ నిరాకరణను ఆపివేశారు. మార్చిలో ఆయనను కూడా నిర్బంధించారు. రామనగర్‌కు బయటి నుంచి ఉన్న ఆశ కూడా పోయింది.

తిరుగు దారి

సుమారు 11 నెలల తరువాత జనం తిరిగి చీరాల చేరారు. తాళాలు తీశారు. ఇళ్ళు దులుపుకున్నారు. మున్సిపాలిటీ ఉన్న చోటనే ఉన్నది. పన్ను కట్టక తప్పలేదు. తాము వద్దన్న దాని కిందికే తమ కాళ్ళతో తాము నడిచి రావలసి వచ్చింది. ఆ రావటంలో ఉన్న బాధ, పోయిన నాటి ఉత్సాహంతో పోల్చితేనే తెలుస్తుంది. పోయేనాడు రామనామం, జయజయ ధ్వానాలు ఉన్నాయి. వచ్చేనాడు అవేవీ లేవు.

ఆ ఉద్యమం ఓడిపోయిందని రాసినవారు ఉన్నారు. గెలుపు ఓటముల లెక్క కాదు, జనం తమ బలం తాము తెలుసుకున్నారని రాసినవారూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నది. 13,000 మంది ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క ఇల్లు తగలబెట్టకుండా 11 నెలలు నిలబడటం చిన్న సంగతి కాదు. అయితే ఆ 11 నెలలు కష్టపడినది చరిత్ర కాదు, మనుషులు. నేత ఆగిన ఇంట్లో కూలి ఆగిపోయింది. ముసలివారికి సొంత ఇంట్లో గడపవలసిన చివరి ఏడు పాకలో గడిచింది. ఆ లెక్క పుస్తకాల్లో కనపడదు.

పోయే ముందు ఎంతకాలం ఉండగలం, నాయకుడు లేకపోతే ఎవరు నిలబెడతారు, ప్రభుత్వం దిగిరాకపోతే ఏ షరతు మీద తిరిగి రావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఏర్పరచుకుని ఉంటే తిరుగు దారి అంత చేదుగా ఉండేది కాదు.

చివరి రోజులు

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య మళ్ళీ కాంగ్రెసు పనిలో దిగారు. మాటలో పదును తగ్గలేదు. గోష్ఠిని నిలపాలని చూశారు. పాత తాళపత్ర గ్రంథాలు, జానపద కళలు కాపాడాలని తిరిగారు. కాని చేతిలో డబ్బు లేదు. సీమ చదువు చదివిన మనిషి, కావాలంటే పెద్ద జీతానికి ఏ కళాశాలలోనైనా ఉండగలిగిన మనిషి, ఇంట్లో పూట గడవని స్థితికి వచ్చారు. దానికి తోడు క్షయ పట్టింది. ఆ రోజుల్లో ఆ జబ్బుకు మందు లేదు. మంచి తిండి, విశ్రాంతి ఒక్కటే వైద్యం. ఆయనకు ఆ రెండూ లేవు.

1928 జూన్ 10న ఆయన మరణించారు. విడిచిన మూడు కొలువుల్లో ఏ ఒక్కటి ఉంచుకున్నా ఆ చివరి రోజులు అట్లా ఉండేవి కావు. కాని ఆ కొలువులో ఉండి ఉంటే ఆంధ్రరత్న అయి ఉండేవారు కాదు. గుంటూరులో జనం ఇచ్చిన ఆ బిరుదే ఇంటి పేరుగా నిలిచింది. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అని ఆయన పేరే పెట్టుకున్నారు.

మనకు తెలియవలసినది

చీరాల నేడు బాపట్ల జిల్లాలో ఉన్నది. ఇప్పటికీ మున్సిపాలిటీయే. మన నస్పూర్ కూడా పంచాయతీగా ఉండి 2018లో మున్సిపాలిటీ అయింది. 2025లో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. పేరు మారినప్పుడల్లా ఇంటి పన్ను ఎంత అవుతుంది, నల్లా నీళ్ళు వస్తాయా, మోరీలు తీస్తారా, ఉపాధి పని పోతుందా అన్న ప్రశ్నలు గడప గడపకూ వస్తాయి. వందేళ్ళ కిందట చీరాల నేతగాళ్ళు అడిగినవీ ఆ ప్రశ్నలే. తలకు నాలుగణాలు పడే పన్ను రెండున్నర రూపాయలు ఎందుకు అయింది, అయినందుకు మాకు ఏమి ఇచ్చారు అన్నది న్యాయమైన ప్రశ్న. ఆనాటి ప్రభుత్వం అర్జీలు వచ్చినప్పుడే దానికి జవాబు చెప్పి ఉంటే ఒక ఊరు పాకల పాలు అయ్యేది కాదు.

అందువల్ల తప్పు అంతా వెళ్ళినవారిదే అనటానికి లేదు. వినవలసినవారు వినకపోతేనే మనుషులు లేచి పోతారు. కోడలైనా, ఉద్యోగి అయినా, ఊరైనా అంతే. చీరాల వారు పోయిన కారణం చిన్నదిగా కనిపించవచ్చు గాని వారికి అది కూటి ప్రశ్న. గోపాలకృష్ణయ్య దానిని కూటి ప్రశ్నగానే చూశారు. పెద్ద చదువు చదివి వచ్చి నేతగాళ్ళతో పాటు పాకలో ఉన్నారు. వారిలాగే జైలుకు పోయారు, బీదగా చనిపోయారు. ఊరివారు తిరిగి వచ్చి పన్ను కట్టిన తరువాత కూడా ఆయనను తప్పు పట్టక తమవాడుగానే తలచుకోవటానికి కారణం అదే.